యూరప్‌లో కెనడా సరుకు: ఏది షాపులో కొనాలి, ఏది బావగారి సూట్‌కేసులో తెప్పించుకోవాలి

జర్మనీలో మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో పాన్‌కేకుల అర ఒకటి ఉంది. అందులో రెండు సీసాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద ఎర్రటి మేపుల్ ఆకు, మంచు కప్పిన చెక్క గుడిసె, పొగ గొట్టం. చూడగానే కెనడా వెళ్లొచ్చినట్టు ఉంటుంది. వెనక్కి తిప్పితే గ్లూకోజ్ సిరప్, రంగు, మేపుల్ ఫ్లేవర్. కెనడా ఊసే లేదు. రెండోది సాదా సీసా, బొమ్మ కూడా లేదు. దాని వెనక మాత్రం ఒకే ఒక్క పదార్థం రాసి ఉంది: మేపుల్ సిరప్. కింద చిన్న అక్షరాల్లో 'హెర్‌కున్‌ఫ్ట్: కనాడా', అంటే పుట్టింది కెనడాలో అని.

ముందు వైపు కాదు, వెనక వైపు చూసి కొనాలని ఆ రెండు సీసాలే నాకు నేర్పాయి.

2025 మొదట్లో అమెరికా సుంకాల గొడవ మొదలైనప్పటి నుంచి ఇక్కడ చాలామంది అమెరికా సరుకు తగ్గించి వేరే దేశాలవి వెతుకుతున్నారు. డెన్మార్క్‌లో సాలింగ్ గ్రూప్ దుకాణాలు ఆ ఏడాది మార్చిలో యూరప్ కంపెనీల సరుకుకు ధర చీటీల మీద నక్షత్రం గుర్తు పెట్టడం మొదలుపెట్టాయి. కెనడా సరుకుకు అలాంటి గుర్తు పెట్టేవాళ్లు లేరు, మనమే వెతుక్కోవాలి. కొందరు సుంకాల కోపంతో వెతుకుతారు. కొందరు టొరంటోలో చదువుకుని ఇటు వచ్చి, అక్కడి రుచులు మరిచిపోలేక వెతుకుతారు. కొందరికి చలికి తట్టుకునే కోటు కావాలి, అంతే. ముగ్గురూ వెతికేది కెనడా సరుకే అయినా ముగ్గురికీ ఒకే దారి పనికిరాదు.

కొనే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: మీ లెక్కలో 'కెనడా సరుకు' అంటే ఏది? అక్కడ పండిందా, తయారైందా? అక్కడ పుట్టిన కంపెనీదా? లేక మీ డబ్బు చివరికి చేరేది కెనడాకా? ఈ మూడూ ఒకే వస్తువులో కలవడం అరుదు. కింద చూడండి.

| పేరు | పుట్టిన చోటు | యూరప్‌లో మీరు కొనేది తయారయ్యేది | యజమాని |
|---|---|---|---|
| మెకెయిన్ ఫ్రైస్ | న్యూ బ్రన్స్‌విక్, 1957 | ఎక్కువగా యూరప్‌లోనే, యూరప్ ఆలుగడ్డలతో | కెనడా కుటుంబం |
| కెనడా గూస్ | టొరంటో, 1957 | డౌన్ పార్కాలు (ఈకలు నింపిన చలికోట్లు) కెనడాలో, కొన్ని ఇతర రకాలు యూరప్‌లో | షేర్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ, పట్టు మాత్రం అమెరికా పెట్టుబడి సంస్థ బెయిన్‌ది |
| ఆర్క్‌టెరిక్స్ | నార్త్ వాంకూవర్, 1989 | ఎక్కువగా ఆసియాలో | అమెర్ స్పోర్ట్స్, అందులో పెద్ద వాటా చైనా కంపెనీ ఆంటాది |
| సొరెల్ బూట్లు | ఒంటారియో | ఎక్కువగా ఆసియాలో | అమెరికా కంపెనీ కొలంబియా |
| ది ఆర్డినరీ సీరమ్‌లు | టొరంటో | ఎక్కువగా కెనడాలో | అమెరికా కంపెనీ ఎస్టీ లాడర్ |
| కోబో ఈ-రీడర్ | టొరంటో | ఆసియాలో | జపాన్ కంపెనీ రకుటెన్ |
| క్రౌన్ రాయల్ విస్కీ | కెనడా | కెనడాలో | బ్రిటన్ కంపెనీ డియాజియో |

మెకెయిన్ ఫ్రైస్ కొంటే లాభం కెనడాకు వెళ్తుంది కానీ ఆలుగడ్డ యూరప్‌ది. ది ఆర్డినరీ సీరమ్ కొంటే పని కెనడా కార్మికులకు దొరుకుతుంది, లాభం న్యూయార్క్ కంపెనీకి వెళ్తుంది. సొరెల్ బూట్లలో అయితే కెనడా అన్నది జ్ఞాపకం మాత్రమే. దాన్ని నడిపిన ఒంటారియో కంపెనీ 2000లో దివాలా తీస్తే పేరును కొలంబియా కొనుక్కుంది. ఇంకో తమాషా ఉంది. ఐర్లండ్‌లోనో స్వీడన్‌లోనో సర్కిల్ కె బంకులో కాఫీ తాగితే, ఆ లాభం క్యూబెక్‌లోని లవాల్‌లో ఉన్న కూష్‌టార్ కంపెనీది. కాఫీలో మాత్రం కెనడా చుక్క కూడా ఉండదు.

నా పద్ధతి చెప్తాను. తిండి విషయంలో పండిన చోటు చూస్తాను. బట్టల విషయంలో కుట్టిన చోటు చూస్తాను. యజమాని ఎవరన్నది మూడోది. మీరు సుంకాల కోపంతో వెతుకుతుంటే ఈ వరస తిరగేసి, యజమాని నుంచి మొదలుపెట్టాలి.

రెండో విషయం లేబుల్ భాష. కెనడా నియమాల ప్రకారం 'ప్రొడక్ట్ ఆఫ్ కెనడా', 'మేడ్ ఇన్ కెనడా' ఒకటి కావు. బట్టలు, బూట్లు, సామాన్ల విషయంలో మొదటి మాట రాయాలంటే తయారీకి నేరుగా అయిన ఖర్చులో కనీసం 98 శాతం కెనడాలో అయి ఉండాలి. రెండోదానికి 51 శాతం చాలు, దిగుమతి ముడిసరుకు వాడామని పక్కన ఒక ముక్క రాయాలి. తిండికి 'ప్రొడక్ట్ ఆఫ్ కెనడా' అంటే ముఖ్యమైన దినుసులు, తయారీ, పని దాదాపు అన్నీ అక్కడివే. 'డిజైన్డ్ ఇన్ కెనడా' అంటే బొమ్మ అక్కడ గీశారు, కుట్టింది ఇంకెక్కడో.

బార్‌కోడ్ 754, 755తో మొదలైతే కెనడా సరుకు అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌ని నమ్మకండి. ఆ అంకెలు కంపెనీ బార్‌కోడ్ ఎక్కడ నమోదు చేయించుకుందో చెప్తాయి, సరుకు ఎక్కడ తయారైందో చెప్పవు. పైగా చాలా కెనడా కంపెనీల కోడ్‌లు అమెరికావాటితో కలిసే ఉంటాయి.

మూడోది డబ్బు. వెబ్‌సైట్‌లో కనిపించే ధర కాదు, గుమ్మం దాకా వచ్చేసరికి అయ్యేది. నాలుగోది, నచ్చకపోతే తిరిగి పంపగలమా అన్నది. ఈ చివరిది తిండికి పెద్దగా పట్టదు, బూట్లకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం.

దారి 1: మీ ఊరి సూపర్‌మార్కెట్, టర్కీ కొట్టు, ఫ్రీజర్ అర

చాలామంది ఈ దారిని తక్కువగా చూస్తారు. కెనడా తిండి యూరప్‌లో అన్నిటికన్నా చవగ్గా దొరికేది ఇక్కడే. యూరోపియన్ యూనియన్ (ఈయూ), కెనడాల మధ్య సీటా వాణిజ్య ఒప్పందం 2017 సెప్టెంబర్ 21 నుంచి తాత్కాలికంగా అమల్లో ఉంది. అంతకుముందు మేపుల్ సిరప్ మీద 8 శాతం, బతికున్న లాబ్‌స్టర్ మీద 8 శాతం సుంకం ఉండేది, రెండూ పోయాయి. టోకున ఓడలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు సీసాకు పైసల్లో పడుతుంది. మీరు విడిగా తెప్పించుకునే పార్సిల్ దాంతో ఎప్పటికీ పోటీ పడలేదు.

మేపుల్ సిరప్ దగ్గర కాస్త ఆగుదాం. ప్రపంచంలోని మేపుల్ సిరప్‌లో 70 శాతానికి పైగా కెనడాదే, అందులోనూ దాదాపు 90 శాతం ఒక్క క్యూబెక్‌దే. మిగతాది దాదాపు అంతా అమెరికాది, ముఖ్యంగా వెర్మాంట్‌ది. కాబట్టి అసలైన మేపుల్ సిరప్ అయినంత మాత్రాన కెనడాదే అనుకోవద్దు, దేశం పేరు చూడాలి. చలికాలం చివర్లో పగలు మంచు కరిగి రాత్రి మళ్లీ గడ్డకట్టే రోజుల్లో చెట్టు నుంచి నీళ్లలాంటి రసం కారుతుంది. దాదాపు 40 లీటర్ల రసాన్ని కాస్తే ఒక లీటరు సిరప్ వస్తుంది. అనకాపల్లి వైపు బెల్లం వండే చోట పెనం ముందు నిలబడ్డవాళ్లకు ఆ పని ఊహించుకోవడం కష్టం కాదు.

రకాలు నాలుగు: గోల్డెన్, ఆంబర్, డార్క్, వెరీ డార్క్. నాలుగూ గ్రేడ్ ఏ కిందికే వస్తాయి. అంటే ఇది మంచీ చెడుల లెక్క కాదు, రంగూ రుచీ లెక్క. జర్మనీలో కొందరు ఇంకా 'గ్రేడ్ సి' అంటుంటారు, అది ముదురు రకానికి పాత పేరు. గోల్డెన్ రుచి లేతగా ఉంటుంది, పెరుగులోకో ఐస్‌క్రీమ్‌లోకో బాగుంటుంది. మనకు నచ్చేది మాత్రం డార్క్ అని నా నమ్మకం. దిబ్బరొట్టె చెరుకు పానకంలో నంజుకుని తిన్నవాళ్లు ఒకసారి డార్క్‌తో ప్రయత్నించండి. పానకం అంత ఘాటు రాదు కానీ ఆ దారిలోనే ఉంటుంది. గోల్డెన్ రొట్టెలో ఇంకిపోయి ఎటు పోయిందో తెలియదు, డబ్బు దండగ.

'అబ్‌గెఫ్యుల్ట్ ఇన్ డాయిచ్‌లాండ్', అంటే జర్మనీలో నింపింది, అని రాసి ఉంటే కంగారు పడకండి. సిరప్ పెద్ద పీపాల్లో వస్తుంది, ఇక్కడ సీసాల్లోకి పోస్తారు, అంతే. ఆ పీపాల విలువ ఎంతో చెప్పే ముచ్చట ఒకటుంది. 2011, 2012ల్లో క్యూబెక్‌లోని ఒక నిల్వ గోదాము నుంచి దొంగలు దాదాపు 3,000 టన్నుల సిరప్ కాజేశారు. కొన్ని పీపాల్లో సిరప్ తీసేసి నీళ్లు నింపి పెట్టారు. సీసా తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి, బయట వదిలేస్తే పైన బూజు కడుతుంది.

ఇక ఎవరూ కెనడా సరుకు అనుకోకుండానే కొనేవి కొన్ని ఉన్నాయి.

టర్కీ కొట్లో ఐదు కిలోల ఎర్రపప్పు సంచీ తెస్తాం కదా, మనం మైసూర్ పప్పు అనేది. వెనక 'మెన్షెయి', అంటే పుట్టిన చోటు, అన్న మాట పక్కన చూడండి. టర్కీ పేరు, టర్కీ కంపెనీ, చాలాసార్లు పప్పు మాత్రం కెనడాది. ప్రపంచంలో ఈ జాతి పప్పులు అన్నిటికన్నా ఎక్కువ ఎగుమతి చేసేది కెనడాయే, పండేది ఎక్కువగా సస్కాచువాన్ రాష్ట్రంలో. యూరప్‌లో ఉన్న తెలుగువాళ్లు టమాటా పప్పుతో ఎన్నాళ్ల నుంచో కెనడా రైతుకు డబ్బులిస్తున్నారు, సంగతి తెలియదు అంతే.

డిజాన్ ఆవ ముద్ద ఫ్రాన్స్‌దే, అందులోని ఆవాలు మాత్రం చాలా ఏళ్లుగా ఎక్కువ భాగం కెనడావి. 2021లో కెనడా మైదానాల్లో కరువొచ్చి పంట పోతే 2022 వేసవిలో ఫ్రాన్స్ షాపుల్లో ఆవ సీసాల అరలు ఖాళీ అయ్యాయి, మనిషికి ఒక్కటే అని బోర్డులు పెట్టారు. ఆ దెబ్బతో బుర్గుండిలో ఆవాల సాగు పెంచారు. అందుకే ఇప్పుడు ప్రతి సీసా కెనడాదే అని చెప్పలేం. 'ముటార్డ్ ద బుర్గోన్య్' అని రాసి ఉంటే ఆవాలు బుర్గుండివే, అది మీ జాబితాలోకి రాదు.

ఇటలీ పాస్తా కూడా అంతే. 2018 నుంచి అక్కడి ప్యాకెట్ల మీద గోధుమ పండిన దేశం రాయాలి. గట్టి గోధుమ కెనడా నుంచి ఓడల్లో వస్తుంది. దీని మీద ఇటలీ రైతులకు కోపం, కంపెనీలకు మొహమాటం. అందుకే సొంత గోధుమ అయితే '100 శాతం ఇటలీ గోధుమ' అని ముందు పెద్దగా రాస్తారు, బయటిదైతే వెనక 'ఈయూ, ఈయూ బయటి దేశాలు' అని సన్నగా వేస్తారు.

చేపల దగ్గర పని తేలిక. ఈయూలో చేపల, రొయ్యల ప్యాకెట్ మీద పట్టిన సముద్ర ప్రాంతం, శాస్త్రీయ నామం రాయాలి. క్రిస్మస్ ముందు ఫ్రీజర్లలోకి వచ్చే లాబ్‌స్టర్ మీద 'ఎఫ్ఏఓ 21' ఉంటే వాయవ్య అట్లాంటిక్. పేరు 'హోమారస్ అమెరికానస్' అని ఉంటుంది. ఆ పేరు చూసి అమెరికాది అని పక్కన పెట్టేయకండి, ఈ జాతి రెండు దేశాల్లోనూ దొరుకుతుంది. కెనడా అని విడిగా రాసి ఉందేమో చూడండి. సాకై సామన్ మీద 'ఎఫ్ఏఓ 67' ఉంటే మాత్రం ఎక్కువ భాగం అలాస్కాదే అయి ఉంటుంది, బ్రిటిష్ కొలంబియాది అదృష్టం కొద్దీ దొరకాలి.

ఈ దారిలో లోటు ఒక్కటే: దొరికే రకాలు తక్కువ. కెచప్ చిప్స్, మేపుల్ బటర్, కాఫీ క్రిస్ప్ చాక్లెట్ లాంటివి మామూలు అరల్లోకి రావు.

దారి 2: బ్రాండ్ల యూరప్ షాపులు, యూరప్ వెబ్‌సైట్లు

బట్టలు, బూట్లు, ఈ-రీడర్ కొనేవాళ్లకు దాదాపు ఎప్పుడూ ఇదే సరైన దారి. ధర కెనడాలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కానీ అందులో వ్యాట్, సుంకం అన్నీ కలిసే ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి ఇవ్వవచ్చు, రెండేళ్ల చట్టబద్ధమైన హామీ ఉంటుంది. చలి బూటు సైజు సరిపోకపోతే వాంకూవర్‌కు తిరిగి పంపే ఖర్చులో ఇంకో జత వస్తుంది. ఒక్కసారి చేతులు కాల్చుకున్నవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు.

ఈయూలో బట్టల మీద తయారైన దేశం రాయాలన్న నిబంధన లేదు. అయినా చాలావాటి లోపలి కుట్టు దగ్గర చీటీ ఉంటుంది. షాపులో అడగడానికి సిగ్గు పడకండి, కోటు లోపలి జేబు తిప్పి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే 'మేడ్ ఇన్' అన్న వరస కోసం వివరాల పేజీ కింద దాకా చదవండి. ఆర్క్‌టెరిక్స్‌కు బ్రిటిష్ కొలంబియాలో సొంత ఫ్యాక్టరీ ఉంది, కొన్ని రకాలు అక్కడే కుడతారు. అవే కావాలనుకుంటే ఒక్కో మోడల్ విడిగా చూసుకోవాలి.

ఈ-రీడర్ గురించి ఒక్క ముక్క. కిండిల్ వద్దనుకునేవాళ్లకు కోబో మంచి మార్గం. ఫ్రాన్స్‌లో ఫ్నాక్, నెదర్లాండ్స్‌లో బోల్ దాన్ని అమ్ముతాయి. ఆఫీసు టొరంటోలో, యజమాని టోక్యోలో. అది సరిపోతుందా లేదా అన్నది మీ మొదటి ప్రశ్నకు మీరిచ్చిన జవాబును బట్టి ఉంటుంది.

దారి 3: యూరప్‌లోనే ఉండి కెనడా సరుకు అమ్మేవాళ్లు

పెద్ద ఊళ్లలో విదేశీ తినుబండారాల కొట్లు, ఆన్‌లైన్‌లో చిన్న అమ్మకందారులు ఉంటారు. కస్టమ్స్ తలనొప్పి వాళ్లే పడతారు, దానికి తగ్గట్టు ధర వేస్తారు. ఒకటి రెండు ప్యాకెట్లు కావాలంటే ఇదే నయం. ఎక్స్‌పైరీ తేదీ అడిగి కొనండి, ఓడలో వచ్చి అరలో కూర్చున్న చిప్స్ మెత్తబడి ఉంటాయి. చాలాచోట్ల 'అమెరికా, కెనడా' అని ఒకే అర పెట్టి కలిపేస్తారు. అమెరికాది వద్దనుకునేవాళ్లు ఇక్కడ కూడా వెనక వైపు చదవాల్సిందే.

మద్యం కొనేవాళ్లకు కూడా ఇదే దారి. 'కెనడియన్ విస్కీ' అన్న పేరుకు ఈయూలో రక్షణ ఉంది. కెనడాలో కనీసం మూడేళ్లు చెక్క పీపాల్లో ఊరితేనే ఆ పేరు పెట్టాలి. ఐస్‌వైన్ అయితే ద్రాక్ష తీగ మీదే గడ్డకట్టాలి. ఒంటారియోలో మైనస్ 8 డిగ్రీలకు లేదా ఇంకా కిందికి దిగాకే కోస్తారు, సీసా మీద 'వీక్యూఏ' అన్న నాణ్యత ముద్ర చూసుకోండి. జర్మనీలో సొంత ఐస్‌వైన్ ఉంది కదా, ఎందుకు అంటారా? ఇక్కడ చలి నమ్మకం లేకుండా పోయింది. 2019 పంటకు దేశమంతటా సరిపడా గడ్డకట్టక ఐస్‌వైన్ దాదాపు లేకుండానే పోయింది. కెనడాది 200, 375 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో వస్తుంది, పెళ్లిరోజు కానుకకు బాగుంటుంది.

దారి 4: కెనడా నుంచి నేరుగా ఆర్డర్

మూడేళ్ల కిందట క్యూబెక్‌లోని ఒక చిన్న షాపు నుంచి మేపుల్ బటర్, చిప్స్, మేపుల్ రుచి ఎండు మాంసం తెప్పించాను. సరుకు 58 యూరోలు, రవాణా 34. పంతొమ్మిది రోజుల తర్వాత డెలివరీ అతను తలుపు కొట్టి చీటీ ఇచ్చాడు: తిండి మీద 7 శాతం వ్యాట్ 6.44 యూరోలు, కొరియర్ కంపెనీ 'సేవ'కు 15 యూరోలు. మొత్తం 113 దాటింది. పెట్టె తెరిస్తే ఎండు మాంసం లేదు. కస్టమ్స్‌లో తీసేశారని లోపల ఒక కాగితం. తప్పు నాదే. కెనడా లాంటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సొంతానికి కూడా పోస్టులో తెప్పించుకోకూడదు, సామానులో తెచ్చుకోకూడదు. ఛీజ్ కూడా అంతే.

ఈ దారిలో వెళ్లేవాళ్లు లెక్క ముందే వేసుకోవాలి.

వ్యాట్ నుంచి తప్పించుకోలేం. 22 యూరోల లోపు వాటికి ఉన్న మినహాయింపు 2021 జులై 1న పోయింది. వ్యాట్ సరుకు మీదే కాదు, రవాణా మీద, సుంకం మీద కూడా పడుతుంది. రేటు దేశాన్ని బట్టి మారుతుంది: జర్మనీ 19 శాతం, ఫ్రాన్స్ 20, నెదర్లాండ్స్ 21, ఐర్లండ్ 23, హంగరీ 27. తిండికి చాలా దేశాల్లో తక్కువ రేటు. అమ్మేవాళ్లు 'ఐఓఎస్ఎస్' అనే ఈయూ వ్యాట్ పద్ధతిలో నమోదై ఉంటే 150 యూరోల లోపు సరుకుకు వ్యాట్ కొన్నప్పుడే కట్టేయవచ్చు, గుమ్మం దగ్గర కొరియర్ చార్జీ తప్పుతుంది. ఆర్డర్ పెట్టే ముందు ఆ ఒక్క ప్రశ్న ఈమెయిల్‌లో అడగండి.

సుంకం వేరే లెక్క. ఇన్నాళ్లూ 150 యూరోల లోపు సరుకు మీద సుంకం ఉండేది కాదు. మద్యం, పెర్ఫ్యూమ్‌లకు మాత్రం ఆ మినహాయింపు లేదు. 2026 జులై 1 నుంచి చిన్న పార్సిళ్లలోని ఒక్కో రకం వస్తువుకు 3 యూరోల సుంకం వేయాలని ఈయూ దేశాలు 2025 డిసెంబరులో నిర్ణయించాయి. నాలుగు రకాల చిరుతిళ్లు ఒక పెట్టెలో కలిపి తెప్పించే అలవాటున్నవాళ్లకే ఇది ఎక్కువగా తగులుతుంది.

150 దాటితే సీటా గుర్తుకు రావాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. కెనడా నుంచి వచ్చింది కాబట్టి సుంకం లేదు అనుకుంటారు. ఒప్పందం వర్తించేది కెనడా మూలం ఉన్న వస్తువుకు, కెనడా నుంచి బయల్దేరిన వస్తువుకు కాదు. వాంకూవర్ గోదాము నుంచి వచ్చిన వియత్నాం జాకెట్టుకు పూర్తి సుంకమే. పైగా ఇన్వాయిస్ మీద అమ్మేవాళ్లు మూలం ప్రకటన, అంటే ఇది కెనడా సరుకేనన్న వాక్యం, రాయాలి. బట్టల విషయంలో ఇంకో మెలిక: గుడ్డ వేరే దేశానిదైతే, కెనడాలో కుట్టినా ఒప్పందం లెక్కలో కెనడా మూలం రాకపోవచ్చు.

తేడా ఎంతో అంకెల్లో చూడండి. 900 యూరోల కోటు, 40 యూరోల రవాణా, జర్మనీ చిరునామా. మూలం ప్రకటన ఉంటే 940 మీద వ్యాట్ కలిపి దాదాపు 1,119. లేకపోతే 12 శాతం సుంకం, దాని మీద వ్యాట్, మొత్తం దాదాపు 1,253. ఒక్క వాక్యం లేనందుకు 134 యూరోలు.

మరి ఈ దారి ఎవరికి? యూరప్‌లో ఎక్కడా దొరకని చిన్న తయారీదారుల సరుకు కావాల్సినవాళ్లకు. చేత్తో కుట్టిన మొకాసిన్ తోలు చెప్పులు, ఆదివాసీ కళాకారుల పనితనం, ఒక ఊరివాళ్లు మాత్రమే చేసే జామ్. సీల్ చర్మంతో చేసినవి మాత్రం ఆర్డర్ పెట్టకండి. 2009లో చేసిన చట్టం ప్రకారం ఈయూలో వాటి అమ్మకం నిషేధం, ఇన్యూట్ లాంటి ఆదివాసులు సంప్రదాయంగా వేటాడినవాటికే మినహాయింపు, దానికీ ధ్రువపత్రం ఉండాలి. మేపుల్ బటర్ తెప్పిస్తే 'పాలు లేవు, మేపుల్ స్ప్రెడ్' అని కస్టమ్స్ చీటీలో రాయమనండి. అందులో వెన్న చుక్క లేదు, సిరప్‌నే చిలికి చేస్తారు. పేరు చూసి పాల పదార్థం అనుకుంటే పెట్టె ఆగిపోతుంది.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు లెక్కలు వేరు. అక్కడ గీత 135 పౌండ్లు, మామూలు వ్యాట్ 20 శాతం, కెనడాతో 2021 ఏప్రిల్ నుంచి విడి ఒప్పందం ఉంది.

దారి 5: బంధువుల సూట్‌కేసు

మా అక్కా బావగారూ మిస్సిసాగాలో ఉంటారు. బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఎవరో ఒకరు తెలిసినవాళ్లు లేని తెలుగు కుటుంబం ఇప్పుడు తక్కువే. విమానంలో ఈయూకు వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు 430 యూరోల విలువైన సరుకు పన్ను లేకుండా తేవచ్చు. ఆ విలువను ఒకే వస్తువు మీద పంచుకోవడం కుదరదు. 700 యూరోల కోటు ఇద్దరి పేరు మీద చెరి సగం అంటే ఒప్పుకోరు. మద్యం లెక్క విడిగా ఉంటుంది: ఘాటైనది ఒక లీటరు, వైన్ నాలుగు లీటర్లు.

పోస్టులో పంపితే, మనిషి నుంచి మనిషికి వచ్చే కానుక 45 యూరోల లోపు ఉంటే వ్యాట్, సుంకం రెండూ లేవు. అక్క తన చేత్తో కట్టి పంపాలి. షాపువాళ్లే అక్క పేరు మీద పంపితే అది కానుక కిందికి రాదు.

సిరప్ తెప్పించుకుంటే సీసా వద్దు, రేకు డబ్బా చెప్పండి. క్యూబెక్‌లో 540 మిల్లీలీటర్ల డబ్బాలు మామూలు. పగలవు, బట్టల మధ్య ఇమిడిపోతాయి. క్యాబిన్ బ్యాగులో పెట్టనివ్వరు, చెక్-ఇన్‌లోనే వేయాలి. మేపుల్ బటర్ కూడా వాళ్ల దృష్టిలో ద్రవమే.

ఈ దారికి ధర మొహమాటం. ఏడాదికి ఒకసారికి మించి వాడితే వదినో అక్కో ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఎవరికి ఏది

| మీరు | ముందు చూడాల్సిన దారి | వద్దనుకోవాల్సింది |
|---|---|---|
| ఖర్చు చూసుకునే విద్యార్థి | దారి 1: పప్పు, పాస్తా, ఆవ, ఆఫర్‌లో సిరప్ | దారి 4 |
| అమెరికా సరుకు మానుకున్నవారు | దారి 1, ఆపైన యజమాని చూసుకుని దారి 2 | దారి 3లోని కలగాపులగం అరలు |
| కెనడాలో ఉండి వచ్చి ఆ రుచులు వెతికేవారు | దారి 5, అత్యవసరానికి దారి 3 | మాంసం, ఛీజ్ ఉన్న ఏ పార్సిలైనా |
| చలికోటు, బూట్లు కొనేవారు | దారి 2 | సైజు తెలియకుండా దారి 4 |
| కానుక వెతికేవారు | దారి 3: ఐస్‌వైన్, విస్కీ | పండగకు రెండు వారాల ముందు దారి 4 |

కోటు విషయంలో నన్నడిగేవాళ్లకు ఒకటే చెప్తాను. మీరుండేది మాడ్రిడ్‌లోనో మిలాన్‌లోనో అయితే మైనస్ 30కి కుట్టిన పార్కా కొనకండి. మెట్రోలో ఎక్కిన రెండు నిమిషాలకే చెమటతో తడిసిపోతారు. హెల్సింకి, టాలిన్, ఉత్తర స్వీడన్ అయితే సంగతి వేరు. మా జర్మనీ చలికి నేను నాలుగో శీతాకాలం కూడా మామూలు కోటుతోనే గడిపేస్తున్నాను.

ఈ డిసెంబరులో బావగారు వస్తున్నారు. జాబితా పంపేశాను: కెచప్ చిప్స్ నాలుగు ప్యాకెట్లు, మేపుల్ బటర్ రెండు, మా అమ్మాయికి టొరంటో హాకీ జట్టు టోపీ ఒకటి. సిరప్ మాత్రం రాయలేదు, బొమ్మ లేని ఆ సాదా సీసా వీధి చివరే దొరుకుతుంది.